మదర్‌బోర్డు కింద పావు అంగుళం ఖాళీ

మిర్యాలగూడలోని ఒక రైస్ మిల్లు ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. "అన్నా, సీపీయూ మళ్లా బంద్ అయింది, జర వచ్చి చూడవా" అని అక్కడ లెక్కలు రాసే తమ్ముడు అడిగాడు. మూడు నెలల్లో ఇది మూడోసారి. మొదటిసారి ఎస్‌ఎంపీఎస్ (లోపలి పార్టులకు కరెంటిచ్చే డబ్బా) మార్పించారు, రెండోసారి ర్యామ్ మార్పించారు. నేను వెళ్లి బటన్ నొక్కితే ఫ్యాన్ అర చుట్టు తిరిగి ఆగిపోయింది. కాసేపాగి మళ్లీ నొక్కితే మామూలుగానే ఆన్ అయింది. పక్క షెడ్డులో మిల్లు నడవడం మొదలయ్యాక మళ్లీ పోయింది.

పార్టులు ఒక్కొక్కటీ మార్చి చూడటం ఇదివరకే అయిపోయింది కాబట్టి నేను మదర్‌బోర్డు మొత్తం విప్పి బయటికి తీశాను. బోర్డుకు ఎనిమిది రంధ్రాలున్నాయి. కింద కేబినెట్ రేకు మీద ఇత్తడి కాళ్లు తొమ్మిది ఉన్నాయి. ఆ తొమ్మిదో కాలు ర్యామ్ స్లాట్ల దగ్గర, బోర్డుకు ఏ రంధ్రమూ లేని చోట నిలబడి ఉంది. బోర్డు తిరగేసి టార్చ్ వేసి చూస్తే సరిగ్గా అక్కడే పూత మీద గుండ్రటి గీత పడింది. దాని అంచున రెండు టంకం చుక్కలు నలిగి మెరుస్తున్నాయి. మిల్లు అదురుకు బోర్డు వెంట్రుకవాసి కదిలినప్పుడల్లా ఆ చుక్కలు ఇత్తడికి తగులుతున్నాయి, కరెంటు షార్ట్ అవుతోంది, ఎస్‌ఎంపీఎస్ తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతోంది. ఆ కాలు ఊడదీసి బోర్డు మళ్లీ బిగించాను. కొత్త పార్టు ఒక్కటీ వేయలేదు. ఆ రోజు నుంచి ఆ సిస్టమ్ నడుస్తూనే ఉంది.

కంప్యూటర్ అసెంబుల్ చేసేవాళ్లు ప్రాసెసర్ గురించి, గ్రాఫిక్స్ కార్డు గురించి వారాల తరబడి చదువుతారు. బోర్డును కేబినెట్‌లో బిగించడం దగ్గరికి వచ్చేసరికి "నాలుగు స్క్రూలేగా" అనుకుంటారు. నేను చూసిన "డిస్‌ప్లే వస్తలేదు" కేసుల్లో చాలావాటికి కారణం ఆ నాలుగు స్క్రూల దగ్గరే దొరికింది. అందుకే ఆ ఒక్క పని గురించే ఇంత వివరంగా రాస్తున్నాను.

బోర్డు రేకు మీద కూర్చోదు

మదర్‌బోర్డు ముందువైపు అందరూ చూస్తారు. అసలు భయం వెనకవైపే. ముందువైపు గుచ్చిన ప్రతి సాకెట్, ప్రతి స్లాట్, ప్రతి పెద్ద కెపాసిటర్ కాళ్లు వెనకకు వచ్చి అక్కడ టంకంతో అతికి ఉంటాయి. చేత్తో నిమిరితే ముళ్లలా తగులుతాయి. వాటిలో కొన్నింట్లో 12 వోల్టులు, కొన్నింట్లో 5, కొన్నింట్లో 3.3 నడుస్తుంటాయి. కేబినెట్ రేకేమో ఎస్‌ఎంపీఎస్ ద్వారా గ్రౌండ్‌కు, అంటే సున్నా వోల్టుల దారికి, కలిసి ఉంటుంది. ఈ రెండూ తగిలితే షార్టే. సప్లై చుక్క తగిలితే ఎస్‌ఎంపీఎస్ ఆగిపోతుంది. సిగ్నల్ వెళ్లే చుక్క తగిలితే ఫ్యాన్లు తిరుగుతాయి, లైట్లు వెలుగుతాయి, డిస్‌ప్లే మాత్రం రాదు. రెండో రకం మనిషిని ఎక్కువ తిప్పలు పెడుతుంది, ఎందుకంటే అన్నీ పనిచేస్తున్నట్టే కనిపిస్తాయి.

అందుకని బోర్డు రేకు మీద కూర్చోదు, కాళ్ల మీద నిలబడుతుంది. ఆ కాళ్లనే స్టాండాఫ్‌లు అంటారు. షాపుల్లో "ఇత్తడి స్టాండ్ స్క్రూలు" అని అడిగినా ఇస్తారు. ఒక్కోటి ఆరు పలకలుగా ఉంటుంది. కింద మర కేబినెట్‌లోకి పోతుంది, పైన రంధ్రంలోకి మన స్క్రూ దిగుతుంది. ఎత్తు సుమారు 6.5 మిల్లీమీటర్లు, అంటే పావు అంగుళం. బోర్డు వెనక ముళ్లకూ రేకుకూ మధ్య ఉన్న భద్రత మొత్తం ఆ పావు అంగుళమే. తక్కువ ధర కేబినెట్లలో కొన్నింటికి ఇత్తడి కాళ్లు ఉండవు, రేకునే అక్కడక్కడ ఉబ్బెత్తుగా కొట్టి మర వేస్తారు. పని అదే.

గందరగోళం ఎక్కడ మొదలవుతుందంటే, ఒకే కేబినెట్‌లో మూడు నాలుగు సైజుల బోర్డులు పట్టాలి. 1995లో ఇంటెల్ తెచ్చిన ఏటీఎక్స్ ప్రమాణం వల్ల బోర్డు రంధ్రాలు ఎక్కడెక్కడ ఉండాలో ఖరారైంది. అందుకే ఆ ప్రమాణం పాటించే ఏ కంపెనీ బోర్డైనా, ఆ సైజు పట్టే ఏ కంపెనీ కేబినెట్‌లోనైనా పడుతుంది. పూర్తి ఏటీఎక్స్ బోర్డు 305 మిల్లీమీటర్ల పొడవు, 244 వెడల్పు. మనవాళ్లు ఎక్కువగా కొనే మైక్రో ఏటీఎక్స్ 244కు 244. మినీ ఐటీఎక్స్ 170కి 170, దానికి నాలుగే రంధ్రాలు. ఏటీఎక్స్‌కు మామూలుగా తొమ్మిది. వీటన్నిటి కోసమూ కేబినెట్ రేకు మీద మర రంధ్రాలు ముందే వేసి ఉంటాయి, కొన్నిట్లో స్టాండాఫ్‌లు కూడా ఏటీఎక్స్‌కు సరిపడా బిగించి వస్తాయి. మన బోర్డు చిన్నదైతే కొన్ని తీయాలి, కొన్ని చోటు మార్చాలి. మిర్యాలగూడలో ఆ సిస్టమ్ బిగించిన వ్యక్తి సంచిలో వచ్చిన కాళ్లన్నీ కనిపించిన రంధ్రాలన్నిటిలో బిగించేశాడు, ఎక్కువ ఉంటే గట్టిగా ఉంటుందనుకొని ఉంటాడు.

లెక్క ఇంతే: బోర్డుకు రంధ్రం ఉన్న ప్రతి చోటా కింద కాలు ఉండాలి, రంధ్రం లేని చోట కాలు ఉండకూడదు. కంటి అంచనాతో దీన్ని చూడటం కష్టం, బోర్డు కేబినెట్‌లోకి దింపాక కింద ఏముందో కనిపించదు. నేనైతే పాత న్యూస్‌పేపర్ తీసుకుంటాను. దాని మీద బోర్డు పెట్టి, రంధ్రాల్లోంచి పెన్సిల్‌తో చుక్కలు పెట్టి, బోర్డు అంచు గీసుకుంటాను. బోర్డు పక్కన పెట్టి ఆ కాగితాన్ని కేబినెట్‌లో పరుస్తాను. ఇత్తడి కాళ్లు కాగితం కింద ఉబ్బెత్తుగా తెలుస్తాయి. పెన్సిల్ చుక్క లేని చోట ఉబ్బు తగిలిందంటే ఆ కాలు తీసేయాలి. ఐదు నిమిషాల పని. రేకు మీద మర రంధ్రాల పక్కన చిన్న చిన్న ఇంగ్లిష్ అక్షరాలు కొట్టి ఉంటే అవి ఏ సైజు బోర్డుకు ఏ రంధ్రమో చెప్పే గుర్తులు. అవీ చూడండి, కానీ కాగితం మాట మీద నమ్మకం ఎక్కువ పెట్టుకోండి.

కాలు ఎక్కువైతే షార్ట్. తక్కువైతే ఏమవుతుంది? వెంటనే ఏమీ కాదు, అదే ఇబ్బంది. బోర్డు మందం 1.6 మిల్లీమీటర్లే. దానిలో నాలుగు, ఆరు, కొన్నిట్లో ఎనిమిది పొరల రాగి దారులుంటాయి. కింద ఆసరా లేని చోట ర్యామ్ నొక్కినా, లావుపాటి 24 పిన్నుల పవర్ కనెక్టర్ నొక్కినా బోర్డు కిందికి వంగుతుంది. వంగినప్పుడు బియ్యపు గింజలో సగం కూడా లేని సిరామిక్ కెపాసిటర్లు కంటికి కనిపించకుండా చిట్లుతాయి. చిప్‌ల కింద ఉండే టంకం గుండ్లకు పగుళ్లు వస్తాయి. ఆ రోజు సిస్టమ్ ఆన్ అవుతుంది. ఆరు నెలల తర్వాత ఎండాకాలంలో వేడెక్కినప్పుడు హ్యాంగ్ అవడం మొదలవుతుంది, కారణం ఎవరికీ దొరకదు.

తక్కువ ధర మైక్రో ఏటీఎక్స్ బోర్డుల్లో ఇంకో సంగతి ఉంది. వెడల్పు తగ్గించి తయారుచేస్తారు, రంధ్రాలు ఆరే ఉంటాయి, కుడి అంచుకు రంధ్రాలే ఉండవు. ఆ అంచు గాల్లో వేలాడుతుంది, 24 పిన్నుల కనెక్టర్ ఉండేదేమో సరిగ్గా అక్కడే. అలాంటి బోర్డుకు ఆ కేబుల్ పెట్టేటప్పుడు ఎడమ చేతి రెండు వేళ్లు బోర్డు అంచు కింద ఆనించి, కుడిచేత్తో నొక్కండి. ర్యామ్ మాత్రం బోర్డు బయట ఉన్నప్పుడే పెట్టేయండి.

పాత మెకానిక్‌లు కొందరు ప్రతి స్క్రూ కింద ఎర్రటి అట్ట వాషర్ వేయాల్సిందేనంటారు. వాళ్లు నేర్చుకున్న కాలంలో అది సరైన మాటే. ఇప్పటి బోర్డుల్లో స్క్రూ రంధ్రం చుట్టూ వెండిలా మెరిసే లోహపు ఉంగరం ఉంటుంది, అది కావాలని పెట్టినది. అది బోర్డు గ్రౌండ్‌కే కలిసి ఉంటుంది కాబట్టి స్క్రూ తగిలినా షార్ట్ కాదు, తగలాలనే అలా చేశారు. వాషర్ అక్కర్లేదు. ఉంగరం లేని రంధ్రం ఏదైనా కనబడితే, ముఖ్యంగా చాలా పాత బోర్డుల్లో, అక్కడ వాషర్ వేయడంలో తప్పు లేదు.

చేతిలోని కరెంటు, గోడలోని ఎర్తింగ్

బోర్డును ముట్టుకునే ముందు ఒంట్లోని స్టాటిక్, అంటే రాపిడితో ఒంట్లో చేరే కరెంటు, వదిలించుకోవాలని ఆన్‌లైన్‌లో ప్రతి వీడియోలోనూ చెబుతారు. కానీ ఆ సలహాలో మన ఇళ్లకు సరిపడని ముక్క ఒకటుంది, దాన్ని విడదీసి చెప్పాలి.

ముందు స్టాటిక్ సంగతి. మార్చి నుంచి మే దాకా నల్లగొండలో, పాలమూరులో మధ్యాహ్నం గాలి పొడిగా ఉంటుంది. గాలిలో తేమ లేకపోతే ఒంట్లో చేరిన స్టాటిక్ తొందరగా పోదు. పాలిస్టర్ చొక్కా, ప్లాస్టిక్ కుర్చీ, అన్నిటికన్నా ముఖ్యంగా మనం నేల మీద పరుచుకునే ప్లాస్టిక్ చాప, ఇవన్నీ రాపిడితో దాన్ని పెంచేవే. చాప మీద కూర్చుని అటూ ఇటూ జరుగుతూ బోర్డు విప్పడం మనవాళ్లకు అలవాటు. చేతికి చురుక్కుమని తగిలిందంటే అప్పటికే అది సుమారు 3,000 వోల్టులు దాటినట్టు. అంతకన్నా తక్కువైతే మనకు తెలియనే తెలియదు. కొన్ని చిప్‌లకు 100 వోల్టుల లోపే దెబ్బ తగలొచ్చు. బోర్డు మీద అమర్చిన చిప్‌లకు కొంత రక్షణ ఉంటుంది కాబట్టి ముట్టుకున్న ప్రతిసారీ బోర్డు పోతుందని భయపడక్కర్లేదు. అయినా తెలిసి తెలిసి ఆ ప్రమాదం ఎందుకు? చాప తీసేసి షాబాద్ బండ మీదో, చెక్క టేబుల్ దగ్గరో కూర్చోండి. చెప్పులు వదిలేయండి. నేలను ఒకసారి తడిగుడ్డతో తుడవండి. బోర్డును అంచులు పట్టుకొని ఎత్తండి, చిప్‌ల మీద వేళ్లు పెట్టొద్దు.

ఇక ఆ సలహా. "ఎస్‌ఎంపీఎస్‌ను కేబినెట్‌లో బిగించి, ప్లగ్ పెట్టి, వెనక స్విచ్ ఆఫ్‌లో ఉంచి, రేకును ముట్టుకుంటూ పనిచేయండి" అంటారు. ప్లగ్‌లోని మూడో పిన్ను, అంటే లావుపాటి పై పిన్ను, ఎర్త్‌కు కలుస్తుంది కాబట్టి ఒంట్లోని స్టాటిక్ భూమిలోకి పోతుందని లెక్క. ఆ మూడో రంధ్రం వెనక నిజంగా వైరు ఉండి, ఆ వైరు నిజంగా భూమిలోకి పోయిన ఇంట్లో అది సరైన సలహా. మన ఊళ్లలో ఎన్ని ఇళ్లలో అలా ఉంది?

కేబినెట్‌ను తాకితే చేతికి జివ్వుమని తగలడం మీలో చాలామందికి అనుభవమే. "కంప్యూటర్ కొంచెం కరెంట్ కొడుతది" అని అదేదో దాని స్వభావమన్నట్టు చెబుతుంటారు. అసలు జరిగేది ఇది. ఎస్‌ఎంపీఎస్ లోపల, కరెంటు వచ్చే చోట, ఫేజ్ నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి, రెండు చిన్న కెపాసిటర్లు రేకుకు కలిసి ఉంటాయి. అల్లరి సిగ్నళ్లను ఎర్త్‌లోకి పంపడానికి వాటిని పెట్టారు. ఎర్త్ ఉంటే ఆ కాస్త కరెంటు భూమిలోకి పోతుంది, మనకు తెలియదు. ఎర్త్ లేకపోతే రేకు ఆ రెండింటి మధ్య వేలాడుతూ 230 వోల్టుల్లో సగం దగ్గర, అంటే 115 దగ్గర నిలబడుతుంది. కరెంటు పరిమాణం చాలా తక్కువ కాబట్టి జివ్వుమని ఊరుకుంటుంది. కానీ ఎస్‌ఎంపీఎస్ లోపల ఎప్పుడైనా ఫేజ్ వైరు నేరుగా రేకుకు తగిలితే, దాన్ని భూమిలోకి లాగి ఫ్యూజ్ కొట్టించే దారి ఆ ఇంట్లో లేదు. ఆ దారి మనిషి ఒళ్లే అవుతుంది.

కాబట్టి ఎర్తింగ్ ఉందని తేలని ఇంట్లో ప్లగ్ పూర్తిగా తీసేసి పనిచేయండి. ప్లగ్ తీశాక పవర్ బటన్ ఒకసారి నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కాస్త కరెంటు కూడా ఖర్చయిపోతుంది. షట్‌డౌన్ చేసినంత మాత్రాన సరిపోదు, ప్లగ్ ఉన్నంతసేపూ బోర్డు మీద 5 వోల్టుల స్టాండ్‌బై నడుస్తూనే ఉంటుంది. తర్వాత రంగు పూత లేని రేకును ముట్టుకోండి, మధ్యమధ్యలో ముట్టుకుంటూ ఉండండి. భూమికి కలవకపోయినా ఫరవాలేదు. మీ ఒళ్లు, రేకు, ఎస్‌ఎంపీఎస్ ఒకే స్థాయిలో ఉంటే వాటి మధ్య స్టాటిక్ దూకదు. చేతికి కట్టే యాంటీస్టాటిక్ పట్టీ ఉంటే దాని క్లిప్పును కూడా రేకుకే పెట్టండి. మంచి పట్టీల్లో 1 మెగా ఓమ్ రెసిస్టర్ ఉంటుంది, పొరపాటున ఎక్కడైనా ఫేజ్ తగిలినా మనిషిలోంచి పెద్ద కరెంటు పోకుండా అది ఆపుతుంది. రెసిస్టర్ లేని వైరుముక్క ఏదో చేతికి చుట్టుకొని పని కానివ్వొద్దు.

ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్ మల్టీమీటర్‌తో నిమిషంలో చెబుతాడు. ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ మధ్య ఎంత వస్తుందో, ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య కూడా దాదాపు అంతే రావాలి. ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఎర్త్ లేదని తెలిశాక కొందరు సాకెట్ వెనక న్యూట్రల్‌నే ఎర్త్ పిన్నుకు కలిపేస్తారు. జివ్వుమనడం ఆగిపోతుంది, పని అయిందనిపిస్తుంది. గాలివానకు ఎక్కడైనా న్యూట్రల్ వైరు తెగిందా, కేబినెట్ రేకు మీదికి మొత్తం 230 వోల్టులూ వచ్చి కూర్చుంటాయి. అలా చేయనివ్వకండి.

ఎర్త్ గుంత ఉన్న ఇళ్లలో కూడా మన నేలతో ఒక చిక్కుంది. పాలమూరు, నల్లగొండ ఎర్ర చెలకల్లో చాలాచోట్ల కొంత లోతుకే బండ తగులుతుంది. ఎండాకాలంలో పై మట్టి ఎండిపోయిందంటే ఆ నేల కరెంటును సరిగా తీసుకోదు. గుంతలో బొగ్గు, ఉప్పు వేసేది తేమను పట్టి ఉంచడానికే. ఏప్రిల్, మే నెలల్లో వారానికోసారి ఆ గుంతలో రెండు బిందెల నీళ్లు పోయండి. ఇది కంప్యూటర్‌కే కాదు, ఫ్రిజ్‌కూ గీజర్‌కూ ఇంట్లో పిల్లలకూ అక్కరకొచ్చే పని.

బయటే ఒకసారి వెలిగించి చూడాలి

మా అక్క కొడుకు ఇంజినీరింగ్‌లో చేరాక తన సిస్టమ్ తనే బిగిస్తానన్నాడు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కు వెళ్లి పార్టులు తెచ్చుకొని, నల్లగొండలో మా ఇంట్లో కూర్చున్నాం. వాడు అట్టపెట్టె తెరిచీ తెరవగానే బోర్డును కేబినెట్‌లోకి దింపబోయాడు. ఆపాను.

ముందుగా బోర్డును దాని అట్టపెట్టె మీదే పెట్టి, ప్రాసెసర్, కూలర్, ఒక ర్యామ్ ముక్క, ఎస్‌ఎంపీఎస్ మాత్రమే తగిలించి ఆన్ చేసి చూడాలి. వెండి రంగు సంచి మీద పెట్టి కరెంటు ఇవ్వకూడదు. దానిలో లోహపు పొర ఉంటుంది, వెనక ముళ్లు గుచ్చుకుంటే తగలొచ్చు. ఒట్టి అట్ట మంచిది. పవర్ బటన్ ఇంకా లేదు కాబట్టి బోర్డు మీద పవర్ స్విచ్ అని రాసిన రెండు పిన్నులను స్క్రూడ్రైవర్ కొసతో ఒక్క క్షణం కలిపితే ఆన్ అవుతుంది. ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉంటే బోర్డు వెనక ఉన్న పోర్టుకు మానిటర్ పెట్టొచ్చు. ఇంటెల్‌లో పేరు చివర ఎఫ్ ఉన్నవాటికి అది ఉండదు, కార్డు పెట్టాలి.

దీని వల్ల ఏమిటి లాభమంటే, బయట డిస్‌ప్లే వచ్చిందంటే పార్టులన్నీ బాగున్నాయని తేలిపోయింది. రేపు కేబినెట్‌లో బిగించాక రాలేదంటే తప్పు బిగింపులోనే ఉంది. స్టాండాఫ్, స్క్రూ, వెనక పోర్టుల చుట్టూ ఉండే షీల్డ్ రేకు, వదులైన కేబుల్, ఈ నాలుగే చూడాలి. ఈ ఒక్క పరీక్ష చేసి ఉంటే ఆ మిల్లువాళ్లకు ఎస్‌ఎంపీఎస్ డబ్బులూ ర్యామ్ డబ్బులూ మిగిలేవి.

ప్రాసెసర్ విషయం క్లుప్తంగా. ఇంటెల్ ఎల్‌జీఏ 1700 సాకెట్‌లో 1,700, ఏఎండీ ఏఎం5లో 1,718 సన్నటి పిన్నులు బోర్డు మీదే ఉంటాయి. ఏఎం4లో 1,331 పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి. ఏదైనా త్రికోణం గుర్తుకు త్రికోణం కలిపి, నొక్కకుండా అలా వదలాలి. పిన్ను వంగితే వారంటీ ఇవ్వడం దాదాపు జరగదు. కాబట్టి షాపులోనే సాకెట్ మూత తీయించి ఫోన్‌తో ఒక ఫోటో తీసుకోండి. ఆ ప్లాస్టిక్ మూతను పారేయకండి. కూలర్ కూడా బోర్డు బయట ఉన్నప్పుడే పెట్టేయాలి. ఇంటెల్ పెట్టెలో వచ్చే కూలర్‌కు నాలుగు మూలలా నొక్కే పిన్నులుంటాయి, వాటికి బాగానే బలం కావాలి. కేబినెట్‌లో పెట్టాక నొక్కితే బోర్డు వంగడం కళ్లకే కనబడుతుంది. ఏఎం4 బోర్డుకు వెనక ఒక లోహపు ప్లేటు ఉంటుంది. కేబినెట్‌లో ఉండగా ముందువైపు స్క్రూలు నాలుగూ తీస్తే ఆ ప్లేటు వెనక్కు జారి పడిపోతుంది, మళ్లీ బోర్డు విప్పుకోవాలి.

స్క్రూ పడటం లేదంటే

కేబినెట్‌ను పక్కకు పడుకోబెట్టండి. నిలబెట్టి బిగించడం వద్దు. పైన మూలలో ప్రాసెసర్‌కు కరెంటిచ్చే 8 పిన్నుల కేబుల్‌ను బోర్డు దింపకముందే ఆ సందులోంచి లాగి పెట్టుకోండి. చిన్న కేబినెట్‌లో తర్వాత చెయ్యి దూరదు.

తర్వాత షీల్డ్. వెనక పోర్టుల చుట్టూ వచ్చే పలుచని రేకు, మనవాళ్లు బ్యాక్ ప్లేట్ అంటారు. కొన్ని బోర్డులకు అతికే వస్తుంది, లేకపోతే మనమే ముందు కేబినెట్‌కు లోపలి వైపు నుంచి నొక్కి బిగించాలి. నాలుగు మూలలా టక్ టక్‌మని పడాలి. అంచులు పదునుగా ఉంటాయి, వేలు తెగుతుంది, స్క్రూడ్రైవర్ పిడితో నొక్కండి. "లేకపోయినా నడుస్తదిగా" అని దాన్ని పెట్టెలోనే వదిలేస్తారు చాలామంది. నడుస్తుంది. ఆ ఖాళీలోంచి దుమ్ము వస్తుంది, చీమలు వస్తాయి, మన ఇళ్లలో బల్లి కూడా వెచ్చగా ఉందని వచ్చి బోర్డు మీద కూర్చుంటుంది. బల్లి ఒంట్లోంచి కరెంటు పోతుంది, అది చాలు షార్ట్ కావడానికి. రేడియో అల్లరిని ఆపేదీ ఆ రేకే.

ఆ షీల్డుకు లోపలి వైపు చిన్న చిన్న రేకు నాలుకలుంటాయి. బోర్డు దింపేటప్పుడు ఆ నాలుక ఒకటి పోర్టు పక్కకు వెళ్లకుండా పోర్టు లోపలికి దూరడం తరచూ జరిగే తప్పు. యూఎస్‌బీలోకో నెట్ కేబుల్ పోర్టులోకో దూరిందంటే ఆ పోర్టు పోతుంది, లేదా షార్ట్ అవుతుంది. దింపాక ఒకసారి కేబినెట్ వెనకకు వెళ్లి టార్చ్‌తో ప్రతి పోర్టులోకీ చూడండి.

బోర్డును ఏటవాలుగా, పోర్టుల వైపు ముందు పంపి, తర్వాత మిగతాది కాళ్ల మీదికి దింపాం. మా వాడు స్క్రూ పెట్టి తిప్పుతున్నాడు. "పడ్తలేదు మామా" అన్నాడు. చూస్తే బోర్డు రంధ్రమూ ఇత్తడి కాలి రంధ్రమూ ఒక మిల్లీమీటరు తేడాగా ఉన్నాయి. ఏమీ చెడలేదు, షీల్డ్ నాలుకలు స్ప్రింగులా పనిచేసి బోర్డును ముందుకు నెడుతున్నాయి. ఇక్కడే చాలామంది స్క్రూను వాలుగా పెట్టి బలంగా తిప్పేస్తారు. మర పాడవుతుంది, స్క్రూ సగంలో ఇరుక్కుంటుంది, తర్వాత తీయబోతే ఇత్తడి కాలే బోర్డుతోపాటు తిరుగుతుంది. వాడి ఎడమ చేతి బొటనవేలును హీట్ సింక్ (వేడి లాగే లోహపు దిమ్మ) పక్కన బోర్డు అంచుకు ఆనించి, పోర్టుల వైపు మెల్లగా నెట్టి పట్టుకోమన్నాను. రంధ్రం కింద ఇత్తడి వలయం నిండు చంద్రుడిలా పూర్తిగా కనిపించింది. అప్పుడు స్క్రూ పెట్టి ముందు ఎడమకు, అంటే ఊడదీసే వైపు తిప్పమన్నాను. అలా తిప్పుతుంటే ఒక చోట టిక్‌మని చిన్నగా కిందికి దిగినట్టు వేలికి తెలుస్తుంది. మర మొదలు దొరికిందని అర్థం. అక్కడి నుంచి కుడికి తిప్పితే వెన్నలోకి దిగినట్టు దిగుతుంది. "దొరికింది మామా" అని వాడు నవ్విన నవ్వు నాకు ఇప్పటికీ గుర్తు.

మధ్య రంధ్రంతో మొదలుపెట్టండి. కొన్ని కేబినెట్లలో మధ్య కాలికి మొనలాంటిది ఉంటుంది, బోర్డు దాని మీద కూర్చుని తప్పుకోకుండా ఉంటుంది. అన్ని స్క్రూలూ ముందు వదులుగా పెట్టి, అన్నీ పడ్డాయని చూసుకున్నాక ఎదురెదురు మూలల వరసలో బిగించండి. ఒకదాన్ని మొదటే గట్టిగా బిగిస్తే మిగతావి పడవు.

ఎంత గట్టిగా? స్క్రూడ్రైవర్ పిడిని అరచేత్తో పట్టుకోవద్దు, మూడు వేళ్లతో పట్టుకోండి. స్క్రూ తల బోర్డుకు ఆనిందని తెలిశాక ఇంకో పావు చుట్టు చాలు. స్క్రూల పని బోర్డును కదలకుండా ఉంచడమే. అంతకుమించి నొక్కితే ఉంగరం చుట్టూ పూత చిట్లుతుంది, కాళ్ల ఎత్తులో తేడా ఉంటే బోర్డు వంగిపోతుంది. చిన్న ఎలక్ట్రిక్ స్క్రూడ్రైవర్లు వచ్చాయి, బోర్డు దగ్గర వాటిని వాడొద్దు. నేను ఒకసారి తొందరలో బలంగా తిప్పుతుంటే స్క్రూడ్రైవర్ తల మీంచి జారి బోర్డు మీద గీసుకుంటూ పోయింది. సన్నటి గీతే. దాని కింద రెండు రాగి దారులు తెగాయి, నెట్ పోర్టు శాశ్వతంగా పోయింది. ఆ బోర్డు డబ్బులు నేనే కట్టాను. అప్పటి నుంచి తలకు సరిగ్గా సరిపోయే, కొస అరగని స్టార్ స్క్రూడ్రైవర్ లేకుండా బోర్డు ముట్టుకోను. కొసకు అయస్కాంతం ఉన్నా ఏమీ కాదు, స్క్రూ కింద పడకుండా ఉండటానికి మంచిదే.

కేబినెట్‌తో వచ్చే సంచిలో స్క్రూలు రెండు రకాల మరలతో ఉంటాయి, చూడటానికి ఒకేలా కనిపిస్తాయి. మర గరుకుగా, దూరం దూరంగా ఉన్నది 6-32. సన్నగా, దగ్గర దగ్గరగా ఉన్నది ఎం3. హార్డ్ డిస్క్‌కు మొదటిది, 2.5 అంగుళాల ఎస్‌ఎస్‌డీకి రెండోది. స్టాండాఫ్ పైమర ఎక్కువగా 6-32 ఉంటుంది, కొన్ని కేబినెట్లలో ఎం3. తెలుసుకోవడం తేలిక. బోర్డు పెట్టకముందే ఒక స్క్రూను ఉత్త స్టాండాఫ్‌లోకి వేళ్లతో తిప్పి చూడండి. వేళ్లతోనే పూర్తిగా దిగితే అదే దాని జత. ఎం3ని 6-32లో వేస్తే వదులుగా గలగలలాడుతుంది, 6-32ని ఎం3లో బలవంతంగా దించితే మర పోతుంది.

స్క్రూలన్నీ ఒక గిన్నె మూతలో లెక్కపెట్టి పెట్టుకోండి. ఎనిమిది పెట్టాల్సిన చోట ఎనిమిదీ పెట్టాక మూతలో ఎన్ని మిగలాలో అన్నీ మిగలాలి. ఒకటి తగ్గితే కరెంటు ఇవ్వకండి. కేబినెట్‌ను ఎత్తి మెల్లగా నాలుగు వైపులా వంచి చెవి పెట్టి వినండి. బోర్డు కిందికి దొర్లిన స్క్రూ ఆ పావు అంగుళం ఖాళీని నింపేస్తుంది, తొమ్మిదో స్టాండాఫ్ చేసిన పనే అదీ చేస్తుంది.

మా వాడు ఆ సిస్టమ్‌ను హైదరాబాద్ హాస్టల్‌కు బస్సులో తీసుకుపోయాడు. వంద కిలోమీటర్ల దారి, స్పీడ్ బ్రేకర్లు ఎక్కువ. కేబినెట్ నిలబడి ఉంటే గ్రాఫిక్స్ కార్డు బరువంతా ఒక్క స్లాట్ మీద వేలాడుతుంది, ప్రతి గుంతకూ స్లాట్ దగ్గర బోర్డు ఊగుతుంది. అందుకని కార్డు తీసి దాని పెట్టెలో పెట్టించాను. కేబినెట్‌ను బోర్డు కిందివైపు ఉండేలా పడుకోబెట్టి, కింద దుప్పటి మడిచి వేసి, పక్క సీటు మీద పెట్టుకొమ్మన్నాను. కండక్టర్ ఆ సీటుకు కూడా టికెట్ కొట్టాడట. హాస్టల్‌కు చేరాక గంట ఆగి, మూత తీసి, ర్యామ్ రెండు వైపులా క్లిప్పులు పడి ఉన్నాయో లేదో, 24 పిన్నుల కేబుల్ కొక్కెం పట్టి ఉందో లేదో చూసి, కార్డు పెట్టి, అప్పుడు ప్లగ్ పెట్టాడు. రాత్రి తొమ్మిదింటికి స్క్రీన్ ఫోటో పంపాడు.